వచ్చే చలికాలం కట్టెలు ఈ వసంతంలోనే చీల్చి పెట్టుకోండి

ఉత్తర దేశాల్లో అడవి మధ్య ఉండే చిన్న ఊరికి కొత్తగా వెళ్లినవాళ్లు చలికోట్లు, బూట్లు అన్నీ ముందే కొనుక్కుంటారు గానీ, పొయ్యిలోకి కట్టెల సంగతి మాత్రం మొదటి మంచు పడ్డాకే గుర్తొస్తుంది. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. మంచు బరువుకి కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయంటే ఒక్కోసారి రెండు మూడు రోజులు కరెంటు రాదు, హీటర్లు ఆగిపోతాయి, ఇంట్లో కట్టెల పొయ్యి ఒక్కటే దిక్కు. అందులో పచ్చి కట్టె పెడితే పొగ వస్తుంది తప్ప వేడి రాదు.

అప్పుడే కొట్టిన చెట్టు బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. ఆ నీళ్లన్నీ ఆవిరయ్యేదాకా మంట వేడి అక్కడే ఖర్చవుతుంది, ఇంటికి అందదు. కట్టెలో తేమ 20 శాతం కంటే తక్కువకి రావాలి, అప్పుడే అది సరిగ్గా మండుతుంది. పైన్, స్ప్రూస్ లాంటి మెత్తటి కర్రకి ఒక ఎండాకాలం దాదాపు సరిపోతుంది. ఓక్‌కి మాత్రం రెండేళ్లు పట్టొచ్చు, కాబట్టి ఓక్ దొరికితే దాన్ని విడిగా పేర్చి, ఎప్పుడు పేర్చారో సుద్దతో రాసి పెట్టండి. బిర్చ్ సంగతి వేరు. దాని బెరడు నీటిని బయటికి పోనివ్వదు, దుంగగా వదిలేస్తే లోపల ఎండకుండా కుళ్లిపోతుంది, అందుకే కొట్టిన కొద్ది రోజుల్లోనే చీల్చెయ్యాలి. ఆ బెరడు పారెయ్యకండి, కాస్త తడిగా ఉన్నా అంటుకుంటుంది, పొయ్యి వెలిగించడానికి అంతకంటే మంచిది లేదు.

చీల్చడానికి వసంతం మొదట్లో ఇంకా గడ్డకట్టే చలి ఉన్న రోజులే మేలు, లోపలి నీరు గడ్డకట్టిన దుంగ ఒక్క దెబ్బకే విచ్చుకుంటుంది. పొయ్యి ఎంత పొడవుందో ముందు కొలిచి, దానికంటే కొంచెం పొట్టిగా కోయించుకోండి. ముక్క లావు పెద్దవాళ్ల ముంజేయి అంత ఉంటే చాలు, లావైనవి ఎండటానికి చాలాకాలం పడుతుంది. అడవిలో నిలబడి ఎండిపోయిన చెట్టు కనిపిస్తే సంబరపడి ఒంటరిగా గొడ్డలి పట్టుకెళ్లొద్దు, పైన విరిగి వేలాడే కొమ్మ ఎప్పుడు మీద పడుతుందో తెలియదు. అనుభవం ఉన్న మనిషి తోడు లేకుండా ఆ పని చెయ్యకండి.

పేర్చడం దగ్గర అందరూ చేసే పొరపాటు మొత్తం కుప్పని ప్లాస్టిక్ పట్టాతో చుట్టెయ్యడం. నేనూ మొదటి ఏడాది అదే చేశాను, పట్టా తీసేసరికి కట్టెలకి బూజు పట్టి ఉంది, ఆ చలికాలమంతా పొగలోనే గడిచింది. పైన మాత్రమే కప్పాలి, పక్కలు గాలికి వదిలెయ్యాలి. నేలకి జానెడు ఎత్తులో రెండు పొడవాటి కర్రలు వేసి వాటి మీద, ఎండా గాలీ తగిలే చోట, ఒకే వరసగా పేర్చండి. ఇంటి గోడకి ఆనించొద్దు, పురుగులు ఇంట్లోకి వస్తాయి, నిప్పు అంటుకుంటే గోడకీ పాకుతుంది.

ఎండిందో లేదో పైపైన చూసి చెప్పలేం. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చూడండి, ఎండినవైతే ఠంగుమంటాయి, పచ్చివైతే దబ్బుమంటాయి. తేమ మీటర్ కొనుక్కుంటే ఇంకా మంచిది, కానీ దాన్ని కట్టె చివర కాకుండా అప్పటికప్పుడు చీల్చిన లోపలి ముఖం మీద పెట్టాలి, గడ్డకట్టిన కట్టె అయితే ముందు ఇంట్లోకి తెచ్చి వెచ్చబడనివ్వాలి, లేకపోతే అంకె తప్పు చూపిస్తుంది.

కొనేవాళ్లకి ఒక మాట. ఉత్తర అమెరికాలో కట్టెల్ని కార్డ్ లెక్కన అమ్ముతారు, అంటే 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవున్న కుప్ప, మొత్తం 128 ఘనపుటడుగులు. ట్రక్కులో గుమ్మరించినప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి పేర్చాకే కొలవండి. దగ్గర అడవి కట్టెలే కొనండి, దూరం నుంచి తేవద్దు. 2002లో మిషిగన్‌లోని డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు ఇలా కట్టెలతో పాటు ఊళ్లు దాటి కోట్ల కొద్దీ యాష్ చెట్లని చంపేసింది. మన పొయ్యి కోసం పక్క అడవి చావకూడదు కదా.

ఇక పొయ్యి. రాత్రంతా నిప్పు ఉండాలని పొయ్యిలోకి గాలి వెళ్లే చిన్న తలుపుని (గాలి తలుపు) పూర్తిగా మూసేసి పడుకోవడం చాలా ఇళ్లలో చూశాను, దయచేసి మానెయ్యండి. సరిగ్గా మండని పొగ చల్లటి పొగగొట్టానికి తగిలి తారులా జిగటగా పేరుకుంటుంది, ఒకరోజు అదే అంటుకుంటుంది. పచ్చి కట్టెతో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. 3 మిల్లీమీటర్ల మందం పేరుకుందంటే గొట్టం శుభ్రం చేయించాల్సిందే, ఎలాగూ ఏడాదికోసారి, మంట మొదలుపెట్టే ముందే చేయించండి. గొట్టంలో రైలు వస్తున్నట్టు గర్జన వినిపిస్తే వెంటనే గాలి తలుపు మూసి, అందర్నీ బయటికి పంపి, ఫైర్ వాళ్లకి ఫోన్ చెయ్యండి. చిన్న ఊళ్లలో వాళ్లు చాలాచోట్ల వాలంటీర్లే, రావడానికి టైం పడుతుంది, అందుకే చూద్దాంలే అని ఆగొద్దు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగదుల దగ్గర తప్పకుండా ఉండాలి, మంట సరిగ్గా మండనప్పుడు వచ్చే ఆ విషవాయువుకి వాసనా రంగూ ఉండవు. జనరేటర్ ఉంటే ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయటే పెట్టండి, గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా అక్కడ నడపకూడదు.

బూడిద చల్లగా కనిపిస్తుంది గానీ లోపల నిప్పు కణికలు రోజుల తరబడి బతికే ఉంటాయి. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, చెక్క వరండా మీద కాకుండా ఇంటికి దూరంగా మట్టి నేల మీద పెట్టండి.

బాగా చలి ఉన్న రోజుల్లో పొద్దున్నే లేవగానే ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్ల పొగగొట్టాల వైపు ఒకసారి చూడండి. ఎప్పుడూ ఆ వేళకి పొగ వచ్చే ఇంట్లో పొగ లేకపోతే వెళ్లి తలుపు కొట్టండి. వెళ్లేటప్పుడు ఒక మోపు ఎండు చితుకులు, కాస్త బిర్చ్ బెరడు పట్టుకెళ్లండి, పొయ్యి ఆరిపోయి ఉంటే అప్పటికప్పుడు వెలిగించి రావచ్చు.