విశాఖపట్నం నుంచి మరో నగరానికి విమాన దూరం, ప్రయాణ సమయం ఎలా లెక్కించాలి?

విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు రోడ్డు మీద వెళితే 600 కిలోమీటర్లు దాటుతుంది. గగనమార్గాన మాత్రం 510 కిలోమీటర్ల పైచిలుకే. కాగితం, ఫోన్‌లోని కాలిక్యులేటర్ ఉంటే ఈ రెండో అంకెను ఎవరైనా రాబట్టవచ్చు.

మొదట రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు కావాలి. ఫోన్ మ్యాప్‌లో విమానాశ్రయం మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే అవి కనిపిస్తాయి. నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగలోని విశాఖ విమానాశ్రయానికి ఇవి 17.72, 83.22, శంషాబాద్‌కు 17.24, 78.43.

తరువాత అక్షాంశాల తేడాను 111తో గుణించాలి, ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు కనుక. ఇక్కడ తేడా 0.48 కనుక 53 కిలోమీటర్లు వస్తుంది. రేఖాంశాల విషయంలోనే చాలామంది పొరబడతారు: అవి ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి, 111ను రెండు ఊళ్ల సగటు అక్షాంశపు కొసైన్‌తో (కాలిక్యులేటర్‌లో cos) గుణించి, వచ్చిన దానినే ఒక డిగ్రీ దూరంగా తీసుకోవాలి. మన అక్షాంశం దగ్గర అది దాదాపు 106 కిలోమీటర్లు. తేడా 4.79 కనుక 508 వస్తుంది. ఈ రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే సుమారు 511 కిలోమీటర్లు. బడిలో నేర్చిన పైథాగరస్ సిద్ధాంతం తప్ప ఇందులో కొత్తదేమీ లేదు.

ఢిల్లీకి ఇదే పద్ధతిలో సుమారు 1,360 కిలోమీటర్లు వస్తుంది. ఖండాలు దాటే ప్రయాణాలకు మాత్రం భూమి గుండ్రదనాన్ని విస్మరించలేము. వాటికి 6,371 కిలోమీటర్ల భూవ్యాసార్ధంతో లెక్కించే హావర్‌సైన్ సూత్రాన్ని వాడాలి.

ఇక సమయం. జెట్ విమానం పై ఎత్తుల్లో గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగంతో వెళుతుందనుకుంటే హైదరాబాద్‌కు 38 నిమిషాలే పట్టాలి. అయితే టికెట్ మీద ముద్రించే సమయం విమానం ఒక చోట కదలడం మొదలుపెట్టినప్పటి నుంచి మరో చోట నిలిచే వరకు లెక్కించినది. విమానం నేల మీద రన్‌వే వరకు వెళ్లడం, ఎత్తుకు ఎక్కడం, దిగే ముందు వరుసలో తిరగడం, సూటిగా కాక నిర్ణీత మార్గాల వెంట సాగడం, ఇవన్నీ అందులో చేరతాయి. కాబట్టి భాగహారంలో వచ్చిన దానికి అరగంట నుంచి 40 నిమిషాలు కలపాలి: హైదరాబాద్‌కు గంటా పది, గంటా ఇరవై నిమిషాలు, ఢిల్లీకి రెండుంబావు గంటల పైమాట. ఏటీఆర్ వంటి పంకాల విమానమైతే 800 బదులు 500తో భాగించాలి. చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి గాలులు బలంగా వీస్తాయి గనుక, ఢిల్లీకి వెళ్లడం కంటే తిరిగి రావడం కొన్ని నిమిషాలు తక్కువగా ఉండవచ్చు.

విదేశీ ప్రయాణమైతే ఇంకొక మెట్టు ఉంది. టికెట్ మీద బయలుదేరే వేళ, చేరే వేళ ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటాయి. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 11 గంటలకు విశాఖలో బయలుదేరి ఉదయం 5.30కి అక్కడ దిగుతారనుకుంటే, చూడటానికి ఆరున్నర గంటలు. రెండున్నర తీసేస్తే అసలు ప్రయాణం నాలుగు గంటలే. తిరుగు ప్రయాణంలో ఆ తేడాను కలపాలి.