పాత లగ్జరీ కారు బరంపురంలో నడవాలంటే: రోగం ముదరకముందే పట్టే పద్ధతులు

యాభై లక్షల కారు ఏడెనిమిదేళ్లు తిరిగాక పది పన్నెండు లక్షలకి రావచ్చు. దాని విడిభాగాలు మాత్రం యాభై లక్షల కారువే. పాత బీఎండబ్ల్యూ, ఆడి, బెంజ్ కొనేవాళ్లు మొదట మనసులో పెట్టుకోవాల్సింది ఇదే. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం లాంటి దక్షిణ ఒడిశా ఊళ్లవాళ్లకి దీనికి తోడు దూరం. బరంపురం నుంచి భువనేశ్వర్ దాదాపు 170 కిలోమీటర్లు, విశాఖ 260 దాకా. జయపురం నుంచైతే సుంకి మీదుగా సాలూరు ఘాట్ దిగాలి. కారు ఆగిపోయిందంటే రిపేరు కంటే ముందు లారీ బాడుగ మొదలవుతుంది.

ఈ కార్లు ఉన్నట్టుండి చావడం తక్కువ. ఒక చిన్న లీకు మొదలవుతుంది, దాన్ని పట్టించుకోకపోతే అది ఇంకో పెద్ద భాగాన్ని తినేస్తుంది. వంద రూపాయల రబ్బరు ముక్క మూసుకుపోయి కంప్యూటర్ బాక్సు తడిసి పోతుంది. లీకు దశలో పట్టుకుంటే మన ఊరి షెడ్డులోనే పని అయిపోతుంది.

కొనేముందు

అమ్మేవాళ్లకి ముందే చెప్పండి: మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఇంకో రోజు రండి. చల్లని ఇంజన్ చెప్పే నిజం వేడి ఇంజన్ చెప్పదు. 2007 తర్వాతి 320డీ, 520డీ కార్లలో వచ్చిన ఎన్47 డీజిల్ ఇంజన్‌కి టైమింగ్ చైను (వాల్వులను సరైన సమయానికి తెరిపించే గొలుసు) వెనకవైపు, గేర్ బాక్స్ పక్కన ఉంటుంది. స్టార్ట్ చేయగానే గొలుసు రాపిడి వినిపించినా, 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య గరగరమన్నా ఆ కారు వదిలేయండి. చైను మార్చాలంటే ఇంజనో గేర్ బాక్సో దింపాల్సిందే.

ఆడి 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ పెట్రోలులో, ముఖ్యంగా 2008 నుంచి 2012 మధ్య తయారైన వాటిలో, పిస్టన్ రింగుల వల్ల ఆయిల్ తాగే జబ్బు ఉంది. వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు దాకా పోవచ్చని కంపెనీ మాన్యువలే రాస్తుంది. అంతకు మించితే ఇంజన్ విప్పాల్సి వస్తుంది. బెంజ్ ఓఎం651 డీజిల్‌లో డీజిల్ చిమ్మే మొదటి విడత డెల్ఫీ పీజో ఇంజెక్టర్లు పేరు చెడగొట్టుకున్నవి, అవి మార్చారా లేదా బిల్లు అడగండి. రేంజ్ రోవర్ మూడు లీటర్ల డీజిల్‌లో బేరింగులు పోయి క్రాంక్ షాఫ్ట్ విరిగిన కేసులున్నాయి. సర్వీసు రికార్డు పూర్తిగా లేకపోతే దాని జోలికి పోవద్దని మా సలహా.

తర్వాత స్కానింగ్. ఇంజన్ ఒక్కటే కాదు, అన్ని మాడ్యూళ్లూ (కారులోని చిన్న కంప్యూటర్ బాక్సులు) చదివించండి. ఎక్కడా ఒక్క లోపం కోడూ లేకపోతే సంతోషించకండి, రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా లేదా చెప్పేవి) చూడండి. అవి సగం అసంపూర్తిగా ఉంటే నిన్నో మొన్నో కోడ్లు చెరిపేశారని అర్థం. కనీసం యాభై అరవై కిలోమీటర్లు తిప్పి మళ్లీ చదివించాలి.

2013 ఫైలిన్, 2018 తిత్లీ తుపానులు చూసిన జిల్లాలివి. అందుకని నీళ్లలో మునిగిన కారేమో చూడడం తప్పనిసరి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. రోజూ వాడే మూరెడు బెల్టును కడుగుతారు, లోపల చుట్టుకుని ఉన్నది ఎవరూ కడగరు. అక్కడ మట్టి గీత కనిపిస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే చెరువు వాసన వస్తుంది. సీటు కింద బోల్టుల తుప్పు, కార్పెట్ కింద స్పాంజి తడి కూడా చెయ్యి పెట్టి చూడండి.

బండి ఆంధ్రా, తెలంగాణా రిజిస్ట్రేషన్‌దైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోకుండా డబ్బు పూర్తిగా ఇవ్వొద్దు. పన్నెండు నెలలు దాటితే ఒడిశా నంబరు తప్పదు, రోడ్డు ట్యాక్సు కూడా ఇక్కడ కట్టాలి.

గాలి సస్పెన్షన్

ఎస్ క్లాస్, క్యూ7, రేంజ్ రోవర్, కొన్ని ఎక్స్5 లలో స్ప్రింగు బదులు రబ్బరు గాలి సంచి ఉంటుంది. కోరాపుట్ ఘాట్ గుంతలకి, బరంపురం ఎండకి ఆ రబ్బరు మడతల దగ్గర పగుళ్లిస్తుంది. చిన్న లీకుకి కారు వెంటనే కిందికి వాలదు. కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి లీకైన గాలిని నింపుతూ ఉంటుంది కాబట్టి యజమానికి ఏమీ తెలియదు. అట్లా కొన్ని నెలలు తిరిగి కంప్రెసర్ కాలిపోతుంది. అప్పుడు షెడ్డులో కొత్త కంప్రెసర్ వేస్తారు, సంచి పాతదే ఉంటుంది. అదీ కాలిపోతుంది.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. సాయంత్రం చదునైన చోట ఆపి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా టేపుతో కొలిచి రాసుకోండి. పన్నెండు గంటల తర్వాత, తలుపు తీయకముందే మళ్లీ కొలవండి, ఎందుకంటే తలుపు తీస్తే కొన్ని కార్లలో కంప్రెసర్ లేస్తుంది. అన్ని మూలలూ సమానంగా ఒక సెంటీమీటరు లోపు దిగితే ఫర్వాలేదు. ఒక్క మూల రెండు సెంటీమీటర్లు దాటిందంటే ఆ సంచో దాని పైపు బిగింపో లీకు. ముందు రెండూ కలిసి దిగితే సంచులకి గాలిని పంచే వాల్వ్ బ్లాకును అనుమానించండి.

చోటు కచ్చితంగా తెలియడానికి లీటరు నీళ్లలో రెండు చెంచాల గిన్నెల సబ్బు కలిపి స్ప్రే సీసాలో పోయండి. కారును ఎత్తు మోడ్‌లో లేపి, సంచి కింది మడత చుట్టూ చల్లి, టార్చి వేసి ఒక నిమిషం కదలకుండా చూడండి. పెద్ద బుడగ రాదు. మడత గాడిలో ఆవగింజంత తెల్ల నురుగు ఒకేచోట ఆగి మెల్లగా పొంగుతుంది. అదే పగులు. పైపు బిగింపుల మీద, వాల్వ్ బ్లాకు మీద కూడా ఇదే పని. ఒక హెచ్చరిక: సంచి మీద నమ్మకంతో కారు కింద దూరొద్దు. జాక్ మోడ్ (సస్పెన్షన్ దానంతటది కదలకుండా ఆపేది) పెట్టి, స్టాండులు వేశాకే చెయ్యి పెట్టాలి. గాలి దిగితే కారు ఒక్క క్షణంలో కూలబడుతుంది.

కంప్రెసర్ మారిస్తే దానికి కరెంటు వేసి ఆపే రిలే కూడా మార్చాల్సిందే. పాత రిలే పాయింట్లు అతుక్కుపోతే ఇంజన్ ఆపినా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా మామూలు స్ప్రింగులు వేయించడం చివరి దారి. అలా చేస్తే డాష్ మీద హెచ్చరిక మిగిలిపోతుంది, ఎత్తు సెన్సార్ మీద ఆధారపడే హెడ్ లైట్ల దారీ తప్పవచ్చు.

వాన నీళ్లు

మామిడి చెట్టు కిందో వేప చెట్టు కిందో కారు పెట్టేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. బోనెట్ వెనక, అద్దం కింద ఉండే తొట్టిలో పడిన నీళ్లు రబ్బరు గొట్టాల్లోంచి బయటికి పోతాయి. చాలా ఆడి కార్లలో ఆ రంధ్రం బ్యాటరీ కిందే ఉంటుంది, పైనుంచి కనబడదు. ఆకులు కుళ్లి అక్కడ మూసుకుంటే తొట్టి నిండి నీళ్లు ఏసీ బ్లోవర్ దారిన కార్పెట్ కిందికి వస్తాయి. ఎన్నో కార్లలో మాడ్యూళ్లు సరిగ్గా అక్కడే ఉంటాయి. సంబంధం లేని నాలుగు లైట్లు ఒకేసారి వెలిగితే ముందు కార్పెట్ తడి చూడండి.

సన్‌రూఫ్‌కి నాలుగు మూలలా సన్నని గొట్టాలుంటాయి. ఒక్కో మూలలో అర గ్లాసు నీళ్లు మెల్లగా పోయండి. ముందు గొట్టాల నీళ్లు తలుపు కీలు దగ్గరో చక్రం వెనకో, వెనక గొట్టాలవి బంపర్ దగ్గరో కారాలి. కారకపోతే మూడు మిల్లీమీటర్ల మెత్తని నైలాన్ తీగ తోయండి. పంచర్ షాపు గాలి మాత్రం పెట్టొద్దు, గొట్టం లోపలి జాయింటు ఊడిపోతే పైకప్పు గుడ్డ మొత్తం దింపాలి. జూన్‌కి ముందు ఒకసారి, అక్టోబరు తుపానుల తర్వాత ఒకసారి చాలు.

నిలిచిన నీళ్లలో ఇంజన్ ఆగిపోతే స్టార్ట్ బటన్ మళ్లీ నొక్కనే వద్దు. గాలి ఫిల్టర్ తీసి చూడండి. తడిసి ఉంటే పెట్రోలైతే ప్లగ్గులు, డీజిలైతే గ్లో ప్లగ్గులు విప్పి, చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాకే సెల్ఫ్ కొట్టాలి. ఒక్క తొందరపాటు నొక్కుడుతో కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి ఎర్త్ బోల్టులు (బాడీకి వైర్లు బిగించేవి), ఏసీ కండెన్సర్ ముందుగా పోతాయి. ఎర్త్ బోల్టులు ఏడాదికోసారి విప్పి గీకి బిగించండి.

బ్యాటరీ, కోడ్లు

పది లైట్లు ఒకేసారి వెలిగాయంటే మొదటి ముద్దాయి బ్యాటరీ. కారు ఆపి కొన్ని గంటలయ్యాక మీటరు పెడితే 12.6 వోల్టులకి అటూఇటూ ఉండాలి. 12.2కి దిగితే సగం ఖాళీ అన్నట్టే. ఇంజన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.7 మధ్య చూపాలి. ఏజీఎం బ్యాటరీ (యాసిడ్‌ను గాజునూలు పొరల్లో పీల్చి ఉంచే రకం) ఉన్న కారుకి ఏజీఎమ్మే వేయాలి. బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీని స్కానర్‌తో నమోదు చేయకపోతే పాత బ్యాటరీ లెక్కనే ఛార్జ్ చేసి తొందరగా చంపుతుంది. ఛార్జర్ నెగటివ్ క్లిప్పు బ్యాటరీ టెర్మినల్‌కి కాకుండా బాడీ ఎర్త్‌కి పెట్టండి. లేకపోతే అక్కడున్న సెన్సార్ ఆ ఛార్జింగును లెక్కలోకి తీసుకోదు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే తాళం దూరంగా పెట్టి, బోనెట్ మూసి ఉందని కారు అనుకునేలా దాని లాచ్ స్క్రూడ్రైవర్‌తో మూసి, 45 నిమిషాలు ఆగి కరెంటు కొలవండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఫ్యూజుల మీద వోల్టేజీ తేడా చూసుకుంటూ దొంగను పట్టాలి.

కోడ్ చూసి పార్టు కొనడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. పీ0299 వచ్చిందనుకోండి, టర్బో ఒత్తిడి తగ్గిందని దాని అర్థం. టర్బో పోయిందని కాదు. ముందు టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాలు చూడండి. చీలిన చోట ఆయిల్ ఆవిరి బయటికొచ్చి మట్టి అంటుకుని నల్లగా తడిగా మెరుస్తుంది, ఎక్సలేటర్ తొక్కితే ఉస్సుమనే చప్పుడు వస్తుంది. తర్వాత వాక్యూమ్ పైపులు, వాటిని తెరిచి మూసే సొలెనాయిడ్. టర్బో మీద చెయ్యి వేసేది ఇవన్నీ అయ్యాకే. ఎలుకలు కొరికిన వైరు కూడా సెన్సార్ పోయినట్టే కోడ్ ఇస్తుంది.

ఆయిలు, కూలెంటు, గేర్ బాక్సు

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్‌కి ఆయిల్ డబ్బా మీద ఆమోదం నంబరు ఉండాలి: బీఎండబ్ల్యూకి లాంగ్‌లైఫ్-04, బెంజ్‌కి 229.51 లేదా 229.52, ఆడికి 507.00. గ్రేడు 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటే సరిపోదు, బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ కాకపోతే డీపీఎఫ్ పూడిపోతుంది. ఎన్47కి 5.2 లీటర్లు, ఓఎం651కి సుమారు 6.5. కంపెనీ 15,000 కిలోమీటర్లు అన్నా ఈ వేడిలో, దుమ్ములో 8,000 నుంచి 10,000కే మార్చండి. చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు, ఇంజన్ వేడెక్కాక చదునుగా ఆపి స్క్రీన్ మీద చూడాలి. ఆయిల్ మట్టం పెరుగుతోందంటే సగంలో ఆగిన రీజెనరేషన్ (డీపీఎఫ్‌లో మసిని కాల్చే పని) వల్ల డీజిల్ కలుస్తోందన్నమాట. బజారులోనే తిరిగే కారును వారానికోసారి జాతీయ రహదారి 16 మీద ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా నడపండి.

బీఎండబ్ల్యూ కూలెంట్ ట్యాంకు, గొట్టాల మూతులు ప్లాస్టిక్, ఏళ్లు గడిస్తే పెళుసెక్కుతాయి. లక్ష కిలోమీటర్లు దాటితే ట్యాంకు, థర్మోస్టాట్, వాటర్ పంపు ఒకేసారి మార్చడం మంచిది. బోరు నీళ్లు పోయొద్దు. ఆ కారుకు చెప్పిన కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగంసగం. వేడి సూచిక ఎర్రగా వస్తే ఘాట్ పైకి ఎక్కించేద్దామని చూడకండి, అల్యూమినియం హెడ్ వంగడానికి అదే చాలు.

జెడ్‌ఎఫ్ 8 గేర్ల బాక్సులో ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదని కార్ల కంపెనీలు అంటాయి. దాన్ని తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో ఎనిమిదేళ్లకో మార్చమంటుంది. తయారుచేసినవాళ్ల మాట వినండి. ఫిల్టర్ ప్లాస్టిక్ పాన్‌లోనే ఉంటుంది, పాన్ మొత్తం మారుతుంది.

పార్టు ఆర్డరు పెట్టేటప్పుడు మోడల్ పేరు కాకుండా 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఇవ్వండి. లెమ్‌ఫోర్డర్, మాన్, మాలె, బోష్ లాంటి తయారీదారుల డబ్బాలో చాలాసార్లు అదే వస్తువు తక్కువకి వస్తుంది.

కారు ఆగితే

డిక్కీలో చక్రాల లాక్ బోల్టు విప్పే తాళం, టో హుక్కు ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. లాక్ తాళం పోతే చక్రం విప్పడానికి ఏ పంచర్ షాపువాడూ ఏమీ చేయలేడు. రన్‌ఫ్లాట్ టైరు పంచరైనా గంటకు 80 వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు వెళుతుంది. ఘాట్‌లో పక్కగోడ చీలితే ఆ లెక్క చెల్లదు, కాబట్టి కొండ దారిలో స్పేర్ చక్రం పెట్టుకోండి.

నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే క్వాట్రో, ఎక్స్‌డ్రైవ్, 4మ్యాటిక్ కార్లను రెండు చక్రాలు ఎత్తి లాగనివ్వొద్దు, నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ లారీయే కావాలి. హుక్కు బంపర్ మూత తీసి చివరిదాకా బిగించండి, కొన్ని కార్లలో ఎడమ మర (ఎడమవైపు తిప్పితే బిగిసేది) ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా పడిపోతే గేరు పార్కింగ్‌లోనే బిగుసుకుపోతుంది. దాన్ని విడిపించే పద్ధతి మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది, ఆ పేజీ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. లారీ అబ్బాయికి అది చూపించాకే గొలుసు తగిలించనివ్వండి.