ఒకే కంపెనీలో ఇరవయ్యేళ్లు: ఎక్కడ పట్టేస్తుంది, ఎలా విప్పాలి

మెయింటెనెన్స్‌లో చేరి 23 ఏళ్లుగా ఒకే గేటులోంచి లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. మెషిన్ ఆగితే ముందు లక్షణం చూస్తాం, తర్వాత కారణం వెతుకుతాం, ఆ తర్వాతే స్పానర్ పట్టుకుంటాం. సొంత ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలామంది లక్షణం కనపడగానే రెజ్యూమె పట్టుకుని పరిగెడతారు, లేదంటే నోరు మూసుకుని పదేళ్లు కూర్చుంటారు. రెండూ చేసినవాళ్లని చూశాను.

సమస్య 1: అర్ధరాత్రి ఫోన్ మీకే వస్తుంది, ప్రమోషన్ మాత్రం రాదు

మా దగ్గర బాయిలర్‌కి నీళ్లు తోసే ఒక ఫీడ్ పంపు మూడు నెలలకోసారి బేరింగ్ మింగేసేది. రాత్రి రెండింటికి ఫోన్ వచ్చేది, ఇద్దరు ఫిట్టర్లని వెంటేసుకుని తెల్లారేసరికి తిప్పించేసేవాణ్ణి. "సార్ లేకపోతే ప్లాంటు నడవదు" అనేవాళ్లు, నాకూ లోలోపల బాగానే ఉండేది. అలా ఎనిమిదేళ్లు అదే సీట్లో ఉండిపోయాను.

కారణం: మీరు లేకపోతే పని ఆగుతుంది కాబట్టే మిమ్మల్ని అక్కణ్ణుంచి ఎవరూ కదపరు. పైవాళ్లకి మీ మీద కోపమేం లేదు, మీరు కదిలితే ఏమవుతుందోనన్న భయం.

పరిష్కారం: బేరింగ్ మార్చడంతో ఆగకుండా అది ఎందుకు పోతోందో తేల్చండి. ఒక షట్‌డౌన్‌లో మోటారునీ పంపునీ కలిపే కప్లింగ్ దగ్గర, సన్నని కదలికని కూడా చూపించే డయల్ గేజ్ పెట్టించి, పంపులోకి నీళ్లు తెచ్చే పైపు జాయింటు (సక్షన్ ఫ్లాంజ్) బోల్టులు ఒక్కొక్కటే వదులు చేయించాను. గేజ్ ముల్లు కదలడం మొదలైంది, చివరి బోల్టు తీసేసరికి పైపు చటుక్కున పక్కకి జరిగింది. ఇన్నాళ్లూ పైపు పంపుని లాగేస్తుంటే మేం బేరింగుని తిట్టుకుంటూ కూర్చున్నామన్నమాట! ఆ ముక్క కోసి సరిచేసి మళ్లీ వెల్డ్ చేయించి, సపోర్టు మార్చాక రెండేళ్లపాటు ఆ పంపు ఊసే రాలేదు. ఫోన్లు ఆగిపోయేసరికి నాకే టెన్షన్ పట్టుకుంది, ఇక నాతో వీళ్లకి పనేముందని.

కానీ దాని మీద ఒక్క పేజీ రాసి ఇచ్చాను: ఏడాదిలో ఎన్ని గంటలు ఆగింది, ఎన్ని బేరింగులు పోయాయి, ఇప్పుడెంత. ఆ కాగితం ప్రాజెక్ట్స్ వాళ్ల దాకా వెళ్లి, కొత్త లైన్ పైపింగ్ చూడమని పిలుపొచ్చింది. మా మేనేజర్ వదిలిపెట్టింది ఎందుకంటే అప్పటికే నా పనంతా తెలిసిన కుర్రాడొకడు ఉన్నాడు కాబట్టి. మీ పని ఇంకొకరికి నేర్పకుండా బదిలీ అడిగితే ఇవ్వరు, రాసిపెట్టుకోండి.

సమస్య 2: నిన్న చేరినవాడి జీతం మీకంటే ఎక్కువ

కారణం: బయటినుంచి వచ్చేవాడికి మార్కెట్ రేటు ఇస్తారు, మీకు పాత జీతం మీద శాతం లెక్కన కలుపుతారు. ఇందులో కుట్రేమీ లేదు, లెక్క అంతే.

పరిష్కారం: మారే ఉద్దేశం లేకపోయినా రెండేళ్లకోసారి బయట ఒక ఇంటర్వ్యూకి వెళ్లి రండి, మీ రేటెంతో తెలుస్తుంది. అప్రైజల్ లెటర్లు పంచాక వెళ్లి ఏడిస్తే ఉపయోగం లేదు, బడ్జెట్ వేసే ముందే లెక్కలతో అడగాలి. ఇక "పెన్షన్ పోతుంది" అని ఆగిపోయేవాళ్లకి ఒక మాట: ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్‌కి కావాల్సిన 10 ఏళ్ల సర్వీసు ఒకే కంపెనీలో ఉండక్కర్లేదు, డబ్బు విత్‌డ్రా చేయకుండా ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే సర్వీసు కలుస్తుంది. గ్రాట్యుటీ, అంటే కంపెనీ వదిలేటప్పుడు సర్వీసుకి లెక్కగట్టి ఒకేసారి ఇచ్చే డబ్బు, దాని సంగతి వేరే. పర్మనెంట్ ఉద్యోగికి అది రావాలంటే ఉండాల్సిన 5 ఏళ్ల లెక్క కొత్త కంపెనీలో సున్నా నుంచి మొదలవుతుంది. చివరి నెల వేతనాన్ని (ముఖ్యంగా బేసిక్, డీఏ) 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించండి. 60,000 మీద 20 ఏళ్లకి దాదాపు 6.92 లక్షలు. బయట ఇస్తామన్న జీతాన్ని దీంతో కలిపి చూసుకుని నిర్ణయించుకోండి, కోపంలో కాదు.

సమస్య 3: కుర్రాళ్లు లాప్‌టాప్‌లో ఏదో గ్రాఫ్ చూసి మాట్లాడుతుంటే మీకు అర్థం కాదు

వయసు వల్ల అని సర్దిచెప్పుకుంటాం. అసలు కారణం, ఇరవయ్యేళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి ట్రైనింగ్‌కి పంపాలని ఎవరికీ తట్టదు, మనకేమో జూనియర్ని అడగాలంటే నామోషీ. నేను మధ్యాహ్నం భోజనం అయ్యాక అరగంట మా కుర్రాడి పక్కన కూర్చుని వైబ్రేషన్ స్పెక్ట్రమ్ (మెషిన్ అదురుని విడగొట్టి చూపించే గ్రాఫ్) చదవడం నేర్చుకున్నాను. వాడు గ్రాఫ్ చూపిస్తే, ఆ శబ్దం మెషిన్ దగ్గర ఎలా వినిపిస్తుందో నేను చెప్పేవాణ్ణి. తర్వాత మీ పేరు మీద ఉండే సర్టిఫికెట్ ఒకటి పట్టండి: బాయిలర్ ఆపరేషన్ ఇంజనీర్, ఎనర్జీ ఆడిటర్, వైబ్రేషన్ అనలిస్ట్, మీ పనికి ఏది దగ్గరైతే అది. కంపెనీ చేతులు మారినా, ప్లాంటు మూతపడినా అది మీతో వస్తుంది.

సమస్య 4: పర్మిట్ (పని మొదలెట్టే ముందు ఇచ్చే భద్రతా అనుమతి) లేకుండా పైపు లైను విప్పమంటున్నారు

ఒకసారి అడిగితే రాతపూర్వకంగా ఇమ్మనండి, సగం సార్లు అక్కడితో ఆగిపోతుంది. అదే అలవాటుగా మారి, కాదన్నవాణ్ణి మూలన కూర్చోబెట్టే చోట మాత్రం గ్రాట్యుటీ లెక్కలు వేసుకుంటూ ఉండొద్దు. ఆ కంపెనీకి నా దగ్గర పరిష్కారం లేదు, వేరేది చూసుకోండి.