ఆషాఢంలో గుర్రం డెక్కలు జాగ్రత్త

ఆషాఢంలో ముహూర్తాలుండవు. పెళ్లి ఊరేగింపులకు తిరిగే గుర్రాలు నెల్లాళ్లు షెడ్డులోనే కట్టేసి ఉంటాయి. పైన వాన, కింద మూత్రం, లద్దెతో నానిన నేల. డెక్కలు ఎక్కువగా పాడయ్యేది ఈ ఖాళీ నెలలోనే. అందుకే శ్రావణానికి అడ్వాన్సు తీసుకునే ముందే నాలుగు కాళ్లూ ఎత్తి చూడండి.

డెక్క అడుగున మధ్యలో త్రికోణంలా మెత్తటి భాగం ఉంటుంది. దాని పక్క గాళ్లలో ఇరుక్కున్న లద్దె, మట్టి రోజూ హుక్కుతో మడమ వైపు నుంచి ముందుకు గీకి తీయాలి. అక్కడ నల్లటి జిగురు, కుళ్లు వాసన ఉంటే థ్రష్, అంటే డెక్క కుళ్లు, మొదలైనట్టే. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నీళ్లు కలిపిన పోవిడోన్ అయోడిన్ రాయండి. నేల తడిగానే ఉంటే మాత్రం ఏ మందూ నిలవదు. ముందు పొడి చోటు చూడండి.

రాత్రి బాగానే ఉన్న గుర్రం పొద్దున కాలు మోపలేకపోతే ఎముక విరిగిందేమోనని భయపడతాం. చాలాసార్లు అది డెక్క లోపల పట్టిన చీము. ఆ డెక్క వేడిగా ఉంటుంది, చీలమండ వెనక నాడి గట్టిగా కొట్టుకుంటుంది. కత్తితో మీరు తవ్వకండి, డాక్టర్ దారి చేసి చీము తీస్తారు. మేకు దిగి ఉంటే, డాక్టర్ త్వరగా రాగలిగితే పీకకుండా ఉంచండి. అది ఎటు, ఎంత లోతు దిగిందో చూస్తేనే లోపల ఏం దెబ్బతిందో తెలుస్తుంది. అడుగు వేస్తే ఇంకా దిగేలా ఉంటే పీకేసి, ఆ చోట గుర్తు పెట్టండి. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా సోకుతుంది, సోకితే బతికించడం కష్టం. టీటీ టీకా వానలకు ముందే వేయించాలి.

ఊరేగింపు నడకలో కుంటు బయటపడదు. గట్టి, చదునైన నేల మీద తాడు వదులుగా పట్టుకుని చిన్న పరుగులో (ట్రాట్) నడిపించండి. ముందు కాలు నొప్పయితే ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు పడినప్పుడు కిందికి వంగుతుంది. పరీక్షకు ముందు నొప్పి మాత్ర ఇవ్వకండి, జబ్బు దాక్కుంటుంది. కాలే మోపని గుర్రాన్ని అసలు నడిపించవద్దు.

నాకు అన్నిటికంటే భయం లామినైటిస్, అంటే ఎముకను డెక్కకు పట్టి ఉంచే లోపలి పొరల వాపు. పని లేకపోయినా దాణా తగ్గించకపోవడం, గింజల బస్తా అందేంత దూరంలో కట్టేయడం దీనికి దారితీస్తాయి. ముందు కాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడిందంటే గింజలు ఆపేయండి, కదిలించకండి, డెక్కలను ఐసు నీళ్లలో ఉంచి వెంటనే డాక్టర్‌ను పిలవండి. గంటలు గడిచేకొద్దీ డెక్క లోపలి ఎముక పట్టు సడలుతుంది.

లాడాలు ఆరేడు వారాలకోసారి విప్పించి, డెక్క చెక్కించి మళ్లీ కొట్టించాలి. పని లేదని ఈ నెల వాయిదా వేయొద్దు. కొట్టిన మర్నాడే కుంటితే ఏదో ఒక మేకు లోపలి కండకు తగిలి ఉండొచ్చు. అదే రోజు తీయించండి.