తడిస్తే తడవండి, చెట్టు కిందికి మాత్రం వెళ్లకండి

2025 మే 16న ఒడిశాలో ఒక్కరోజే పిడుగులు పడి కనీసం తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో కోరాపుట్ జిల్లాకి చెందిన ఒకే ఇంటి ఆడవాళ్లు ముగ్గురున్నారు. పొలంలో ఉండగా వానొచ్చి, పక్కనున్న పాకలోకి వెళ్లారు. ఆ పాక వానకి అడ్డుపడింది గానీ పిడుగుని ఆపలేకపోయింది. అంతకుముందు 2023 సెప్టెంబరు 2న రెండు గంటల్లో ఈ రాష్ట్రం మీద అరవై ఒక్క వేల పిడుగులు నమోదయ్యాయి. పిడుగుపాటుని 2015లోనే ఒడిశా ప్రభుత్వం విపత్తుల జాబితాలో చేర్చింది. ఇక్కడ దాని తీవ్రత అంతటిది.

మళ్లీ కాలబైశాఖి రోజులు, అంటే ఎండాకాలంలో ఉరుములతో వచ్చే గాలివానల రోజులు వస్తున్నాయి. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్లు సెలవుల్లో పిల్లల్ని తీసుకుని తంపర సరస్సుకీ, చిలికా చూడటానికి రంభకీ, గోపాల్‌పూర్ బీచికీ బయల్దేరతారు. కొందరు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తారు. అక్కడ వాళ్లు నీటి మడుగుల మధ్య కట్టిన గోల్ఫ్ మైదానం చూపిస్తామని తీసుకెళ్తారు. చోటు ఏదైనా నేల ఒకలాంటిదే. చుట్టూ బయలు, పక్కన నీళ్లు, అక్కడక్కడా ఒంటి చెట్లు.

నీళ్ల సీసా, టోపీ, లైఫ్ జాకెట్ సంగతి మీకు తెలుసు, వాటి జోలికి పోను. నేను చెప్పదలుచుకున్నది ఒక్క తప్పు గురించి. తడవకూడదని చెట్టు కిందికి వెళ్లడం. మా వైపు పిడుగుకి పోయినవాళ్ల గురించి విన్నప్పుడల్లా, అప్పుడు ఎక్కడున్నారని అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు అదే.

బయల్దేరే ముందు

సతర్క్, దామిని యాప్‌లు రెండూ ఫోన్లో పెట్టుకోండి. సతర్క్ ఒడిశా విపత్తు నిర్వహణ సంస్థది. దామిని పుణెలోని ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసింది, మీరున్న చోటికి దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది. లొకేషన్ ఆఫ్‌లో ఉంటే మాత్రం రెండూ దండగ.

పొద్దున్నే వెళ్లి పదకొండు, పన్నెండుకల్లా వచ్చేయండి. ఈ గాలివానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే లేస్తాయి.

వెళ్లగానే పక్కా భవనం ఎక్కడుందో, కారు ఎంత దూరంలో పెట్టారో చూసుకోండి. నడిచి పది నిమిషాల్లో చేరలేనంత దూరం ఆ రోజుకి పోవద్దు.

నీళ్ల పక్కన

తంపర అందమైన చోటు. ఒక పక్క మంచినీటి సరస్సు, ఇంకో పక్క సరుగుడు తోటలు, మొగలి పొదలు, ఆ అవతల సముద్రం. 2021లో దీన్ని రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. చిలికా ఆ జాబితాలో 1981 నుంచే ఉంది. తంపర, చిలికా, గోపాల్‌పూర్, ఈ మూడు చోట్లా మనిషి చూపు నీళ్ల మీదే ఉంటుంది. గోపాల్‌పూర్‌లోనైతే అందరూ తూర్పుకి తిరిగి అలలు చూస్తుంటారు. మన దగ్గర కాలబైశాఖి మబ్బు ఎక్కువగా పడమర నుంచో, వాయవ్యం నుంచో, అంటే కొండల వైపు నుంచి వస్తుంది. మీ వీపు వెనక అది కమ్ముకుంటున్నా ఎదురుగా ఆకాశం నీలంగానే కనిపిస్తుంది. పావుగంటకోసారి వెనక్కి తిరిగి చూడండి.

పడవలో ఉండగా మొదటి ఉరుము వినిపిస్తే ఒడ్డుకి తిప్పమని పడవతనికి చెప్పండి. డబ్బులు పోతాయని, డాల్ఫిన్లు ఇంకా కనబడలేదని ఆగకండి. నీళ్ల మీద అన్నిటికంటే ఎత్తున ఉన్నది మీరే. ఒడ్డుకి చేరాక నేరుగా భవనంలోకి వెళ్లండి, సరుగుడు తోటలోకి వద్దు.

చెట్టు ఎందుకు వద్దు

చెట్టు మీద పడ్డ పిడుగు చెట్టుతో ఆగదు. మాను వెంట దిగుతూ పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, ఎందుకంటే మాను కంటే మన ఒంట్లోంచి కరెంటు తేలిగ్గా పోతుంది. దూకకపోయినా చెట్టు మొదట్లోంచి నేలలోకి పాకుతుంది. అప్పుడు ఒక కాలిలోంచి ఎక్కి రెండో కాలిలోంచి దిగుతుంది. కాళ్ల మధ్య ఎడం ఎంత ఎక్కువుంటే దెబ్బ అంత ఎక్కువ. చెట్టు కింద చేరిన ఆవులూ మేకలూ మందకి మంద పోయేది ఇందుకే.

ఛత్రపురం దారిలో పిడుగు పడ్డ మామిడి చెట్టుని దగ్గరికెళ్లి చూశాను. పై కొమ్మ నుంచి మొదలు దాకా బెరడు అరచేతి వెడల్పున లేచిపోయి, లోపలి మాను తెల్లగా బయటపడింది. ఆ చార నేలకి తగిలిన చోట ఒక జత రబ్బరు చెప్పులున్నాయి. ఎడమకాలి చెప్పు మడమ దగ్గర పగిలింది. ఆ మనిషి సైకిలు ఆపి, వాన తెరిపిచ్చేదాకా నిలబడదామనుకున్నాడట. అతని ఇల్లు అక్కడికి కనబడేంత దూరం. తడుస్తూ పోయి ఉంటే ఇంట్లో తల తుడుచుకునేవాడు.

గోల్ఫ్ ఆడేవాళ్లు ఈ పాఠం ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నారు. 1991 జూన్‌లో అమెరికాలోని హేజెల్‌టిన్ మైదానంలో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ మొదటి రోజు ఆట చూడటానికి వచ్చినవాళ్లు ఆరుగురు వాన రాగానే ఒక విల్లో చెట్టు కింద చేరారు. పిడుగు పడి ఆరుగురూ కూలిపోయారు, ఒకరు చనిపోయారు. అది పెద్ద చెట్టు కూడా కాదు. 1975లో చికాగో దగ్గర లీ ట్రెవినో అనే పెద్ద ఆటగాడు ఆట ఆగినప్పుడు నీళ్ల పక్కన తన బ్యాగుకి ఆనుకుని కూర్చుంటే పిడుగు దెబ్బ తగిలింది. బతికాడు గానీ నడుము పాడై ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ ఆట నియమాల్లోనే ఉంది, పిడుగు భయం ఉందనిపిస్తే ఆటగాడు ఎవర్నీ అడక్కుండా ఆట ఆపేయొచ్చు, శిక్ష లేదు. పోటీల్లో ప్రమాద సూచనగా ఆట ఆపమంటే ఆ క్షణంలోనే ఆపాలి.

ఫ్లోరిడా వెళ్లే అమ్మానాన్నలకి ఇక్కడే ఇంకో మాట. అక్కడ ఎండాకాలమంతా మధ్యాహ్నాలు ఉరుములే. గోల్ఫ్ మైదానంలో ఆట ఆపమని హారన్ మోగితే అది మీకు కూడా, ఆడేవాళ్లకి మాత్రమే అనుకోకండి.

ఇక మిగతావి వరసగా చెబుతాను.

ఉరుము వినబడిందంటే మీరు పిడుగు అందేంత దూరంలోనే ఉన్నారు. చినుకు పడాలని చూడొద్దు. వాన పడుతున్న చోటికి పది కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడుతుంది.

మెరుపు చూసి లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉరుము వినిపిస్తే అప్పటికే ఆలస్యం చేశారు, లేవండి.

వాన ఆగింది కదాని బయటికి రావద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. మధ్యలో ఇంకో ఉరుము వస్తే మళ్లీ మొదటి నుంచి అరగంట.

పాక, రేకుల షెడ్డు, బస్సు షెల్టరు, గొడుగులా కట్టిన పిక్నిక్ మండపం, ఇవేవీ ఆశ్రయం కావు. నాలుగు పక్కా గోడలు, పైన స్లాబు ఉండాలి. లేదా అద్దాలెత్తిన కారు. ఆటో కాదు, బైకు అసలే కాదు.

ప్రభుత్వం తాటిచెట్లు పెంచమంటున్నది అవి పిడుగుని తమ మీదికి తీసుకుంటాయని. తాటిచెట్టు కింద నిలబడమని కాదు. తాటి, కొబ్బరి, మామిడి, మర్రి, సరుగుడు, ఏ చెట్టు కిందా నిలబడొద్దు.

అర్జునా ఫల్గుణా అని తలుచుకోండి, మా ఇంట్లోనూ తలుచుకుంటాం. ఇంట్లోకి వచ్చి తలుచుకోండి.

రబ్బరు చెప్పులు కాపాడవు.

గొడుగు మూసేయండి. గోల్ఫ్ కర్ర, గేలం, క్రికెట్ వికెట్లు కింద పడేసి నడవండి.

ఫోన్ పిడుగుని పిలవదు. చార్జింగ్ వైరుకి తగిలించి మాట్లాడటం మాత్రం ఆపండి. ఆ టైంలో స్నానమూ వద్దు.

ఎటూ పోలేని చోట చిక్కుకుంటే గుంపుగా ఉండొద్దు, ఒకరికొకరు ఇరవై అడుగులైనా ఎడం జరగండి. పాదాలు దగ్గరగా పెట్టి, తల దించి, గొంతుకూర్చోండి. పడుకోవద్దు. ఇది కూడా పూర్తి రక్షణ కాదు, వేరే దారి లేనప్పుడు మాత్రమే.

వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే క్షణం కూడా ఆగొద్దు, కదలండి.

పిల్లల్ని "ఆ చెట్టు కింద ఉండు, నేను బండి తెస్తా" అని వదిలి వెళ్లొద్దు. మీతోపాటే తడిపించి తీసుకెళ్లండి. జలుబుకి మందుంది. తడిస్తే తడవండి, చెట్టు కిందికి వెళ్లకండి.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మీకు షాక్ కొట్టదు. ఆ భయంతో దూరంగా నిలబడి చూస్తే బతికే మనిషి కూడా పోతాడు. చాలామంది పోయేది గుండె ఆగి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు, రెండంగుళాల లోతుకి గట్టిగా నొక్కండి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు.

పేడలో పాతిపెట్టొద్దు. మట్టి కప్పొద్దు. పసరు పొయ్యొద్దు.

నలుగురు పడిపోతే మూలుగుతున్నవాళ్లని తర్వాత చూడండి. కదలకుండా పడి ఉన్నవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి.

లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. చెవులు, కళ్లు, గుండె పరీక్ష చేయించండి.

ప్రాణం పోతే పోలీసులకి చెప్పి పోస్టుమార్టం చేయించండి. ఇంటివాళ్లకి ఆ సమయంలో ఈ మాట చెప్పడం కష్టమే, అయినా పక్కనున్నవాళ్లు చెప్పాలి. ఒడిశాలో పిడుగుపాటు మరణానికి ప్రభుత్వం నాలుగు లక్షలు ఇస్తుంది, ఆ కాగితం లేకుండా అంత్యక్రియలు చేసేస్తే ఆ కుటుంబం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.