సోవియట్ కాలపు తాజిక్ రచయితల, సంగీతకారుల జీవితాలు చదవాలంటే

తాజిక్ రచయిత సద్రిద్దీన్ ఐనీ పేరు వెతికితే ముందు కనిపించేవి రెండు ముక్కలు: 1950లో స్తాలిన్ బహుమతి, 1951లో తాజిక్ సైన్స్ అకాడమీకి మొదటి అధ్యక్షుడు. అంతవరకు చదివి "ఓహో, సర్కారు మనిషి" అని పక్కన పెట్టేయకండి, ఎందుకంటే ఆ బహుమతి అందుకున్న మనిషి వీపు మీద 1917లో బుఖారా (ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది) పాలకుడైన అమీరు కొట్టించిన 75 కొరడా దెబ్బలున్నాయి. రష్యన్ సైనికులు విడిపించి కగాన్ ఆసుపత్రిలో చేర్చకపోతే ఆయన బతికేవాడు కాదేమో. ఆ వీపు ఫోటో ఇప్పటికీ దొరుకుతుంది, తప్పకుండా చూడండి. మరుసటి ఏడాది ఆయన తమ్ముడిని అమీరు మనుషులు చంపేశారు. కొత్త సోవియట్ ప్రభుత్వాన్ని ఐనీ ఎందుకు నమ్మాడో తెలియాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అందుకే ఎవరి గురించి చదివినా ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు దేశం తేదీలు రాయండి: 1920లో అమీరు పాలన కూలడం, 1924లో మధ్య ఆసియాకు కొత్త సరిహద్దులు, 1929లో తాజిక్ రిపబ్లిక్, 1920ల చివర అరబిక్ లిపి పోయి లాటిన్ రావడం, 1937-38లో స్తాలిన్ చేయించిన అరెస్టులు, 1940లో లాటిన్ కూడా పోయి రష్యన్ లిపి రావడం, 1953లో స్తాలిన్ మరణం. కుడివైపు మీ రచయిత తేదీలు. ఐనీకి ఇది చేసి చూస్తే 1926 దగ్గర ఆగిపోతారు. ఆ ఏడాది ఆయన తాజిక్ సాహిత్యానికి ఒక పెద్ద సంకలనం తెచ్చాడు, అందులో తన కాలపు అమీరును పొగుడుతూ పాత ఫార్సీ కవి రూదకీ రాసిన పద్యం ఉంది, పదో శతాబ్దపు పద్యం! దాన్ని పట్టుకుని రాచరికాన్ని మళ్ళీ పిలుస్తున్నాడని నింద వేశారు, పుస్తకాన్ని నిషేధించారు. ఆయనలాగే బుఖారా సంస్కరణవాదుల్లోంచి వచ్చిన రచయిత ఫిత్రత్‌ను 1938లో కాల్చి చంపారు.

ఇంకో పని చేయండి, రాయని సంవత్సరాలు వెతకండి. 1949 నుంచి అచ్చయిన ఐనీ జ్ఞాపకాలు నాలుగు భాగాలు, అన్నీ అమీరు కాలపు బుఖారా గురించే. 1930ల గురించి ఆ పుస్తకంలో లేదు. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా బరువైన మౌనం అదే. హిందీ చదవగలిగితే మీకు ఒక దారి ఉంది: మన పాఠకులకు బాగా తెలిసిన రాహుల్ సాంకృత్యాయన్ ఐనీ నవలలు కొన్నిటిని హిందీలోకి తెచ్చారు.

సంగీతకారుల దగ్గర మాత్రం ముందు అడగాల్సిన ప్రశ్న, పాట ఎవరిది, పేరు ఎవరిది అని. మొదటి తాజిక్ ఒపేరా 1939లో వచ్చింది, రైతు తిరుగుబాటు నాయకుడు వోసే కథ, కానీ స్వరకర్త సెర్గేయ్ బలసన్యాన్ అష్కాబాద్‌లో పుట్టిన ఆర్మేనియన్. 1946 నాటి తాజిక్ సోవియట్ గీతం తీసుకోండి: మాటలు ఇరాన్ నుంచి పారిపోయి వచ్చిన కవి లాహూతీవి, బాణీ కోకంద్‌లో పుట్టిన బుఖారా యూదుడు సులైమాన్ యూదకోవ్‌ది. ఆ రికార్డింగ్ ఒకసారి, ఇప్పటి తజికిస్తాన్ జాతీయ గీతం ఒకసారి వరసగా వినండి. మాటలు మారాయి గానీ బాణీ అదే! సోవియట్ రిపబ్లిక్ పోయినా యూదకోవ్ స్వరం ఉండిపోయింది. ఆ తర్వాత జియాదుల్లో షహీదీ 1960 నాటి ఒపేరాకు వెళ్ళండి, దాని కథ ఢిల్లీలో బతికి అక్కడే చనిపోయిన ఫార్సీ కవి బేదిల్ రాసిన కావ్యంలోది.

వెతికేటప్పుడు పేర్లతో టెన్షన్ వస్తుంది. కవి తుర్సున్‌జాదా రష్యన్‌లో తుర్సున్‌జాదే అవుతాడు, రాజధాని దుషాంబే పేరు 1961 వరకు స్తాలినాబాద్. ఒక్కో పేరును తాజిక్, రష్యన్, పర్షియన్ మూడు రకాలుగా రాసి పెట్టుకోండి, లేకపోతే ఒకే మనిషిని ఇద్దరనుకుంటారు.

మొదటి ప్రయత్నానికి మీర్జో తుర్సున్‌జాదానే తీసుకోమంటాను. 1947లో ఢిల్లీలో జరిగిన ఆసియా దేశాల సమావేశానికి వచ్చి, వెళ్ళాక మన దేశం మీద కవితలు రాశాడు, 1948లో స్తాలిన్ బహుమతి వచ్చింది. 1946 నుంచి 1977లో చనిపోయేదాకా తాజిక్ రచయితల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆ 31 ఏళ్ళను మీ కాగితం మీద పరిచి, ఏ ఏడాది ఏం రాశాడో ఎదురుగా నింపుకుంటూ వెళ్ళండి.