మెనూలో జింప్ మాయమైంది, దొరికిందిలా

కడపలో ఏడురోడ్ల దగ్గర మా చిన్న ఫోటో స్టూడియో. కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. మొన్న పొద్దున కస్టమర్ పాస్‌పోర్ట్ ఫోటోల కోసం కూర్చుని ఉండగా చూస్తే మెనూలో జింప్ (ఫోటోలు ఎడిట్ చేసే ప్రోగ్రాం) లేదు! పేరు కొట్టి వెతికినా రాలేదు. టెన్షన్‌లో ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, అరగంట పోయింది, అయినా లేదు.

అప్పుడు టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి జింప్ అని కొడితే ఠక్కున తెరుచుకుంది. అంటే ప్రోగ్రాం బాగానే ఉంది, మెనూలో కనిపించేదే పోయింది. (ఈ పని మొదటే చేసుంటే అరగంట మిగిలేది.)

మెనూలో కనిపించే ప్రతి ప్రోగ్రాంకీ చివర డాట్ డెస్క్‌టాప్ అని ఉండే చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. అందరికీ కలిపి ఉండేది యూఎస్ఆర్, షేర్, అప్లికేషన్స్ ఫోల్డర్‌లో. జింప్‌ది అక్కడ చక్కగా ఉంది. కానీ మన హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే డాట్ లోకల్ ఫోల్డర్‌లో, షేర్ లోపల, ఇంకో అప్లికేషన్స్ ఫోల్డర్ ఉంటుంది, రెండు చోట్లా ఒకే పేరుతో ఫైల్ ఉంటే హోమ్‌లోదే చెల్లుతుంది. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కి, దాగినవి కనిపించాక అక్కడికి వెళ్తే ఇంకో జింప్ ఫైల్, అందులో 'నోడిస్‌ప్లే=ట్రూ' అనే లైను, అంటే మెనూలో చూపించొద్దని. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా హోమ్ జోలికి రాదు కాబట్టి అది అలాగే ఉండిపోయింది.

ఆ ఫైల్ పేరు మార్చా, జింప్ తిరిగొచ్చింది. మా అల్లుడిని అడిగితే "మెనూ నీట్‌గా ఉంటుందని మెనూ ఎడిటర్‌లో కొన్ని ప్రోగ్రాంలకి టిక్కులు తీసేశా మామా" అన్నాడు.